నీడలో పెరిగిన డిప్ప

ఒకప్పుడు లోకంలో ఏ తాబేలు డిప్ప చూసినా నున్నగా ఉండేది. బోర్లించిన కొత్త మూకుడులా నిగనిగలాడేది. బొడిపెలు లేవు, గుంటలు లేవు, వంకర అసలే లేదు. తాబేలును ఇంట్లో పెట్టుకుని పెంచాలన్న ఆలోచన అప్పటికి ఎవరికీ రాలేదు మరి!

ఆ రోజుల్లో ఏటి గట్టున పైడమ్మ అనే కుమ్మరామె ఉండేది. నా అన్నవాళ్లు లేరు. మట్టే ఆమెకు తోడు. ఒక పొద్దున మట్టి కోసం ఏటికి వెళితే, బురదలో ఇరుక్కుపోయిన బుల్లి తాబేలు పిల్ల కనబడింది. పైడమ్మ దాని డిప్పను వేలితో తాకి చూసింది. మెత్తగా ఉంది.

"అయ్యో నా తల్లే, పచ్చికుండలాగ ఉన్నావే! ఈ ఎండకి పగిలిపోవూ?" అని కొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చేసింది.

కుమ్మరివాళ్ల ఇంట్లో పిల్లలకు కూడా తెలిసిన సంగతి ఒకటుంది. పచ్చికుండను తిన్నగా ఎండలో పెట్టకూడదు, పెడితే పగులుతుంది. నీడలో నెమ్మదిగా ఆరాకే ఆవంలో పెట్టి కాల్చాలి. అందుకని పైడమ్మ తాబేలును కూడా కుండలు ఆరబెట్టే పాకలోనే పెట్టింది. ఆ పాకకు కిటికీ లేదు. తాటాకు కప్పులో చిన్న చిల్లు మాత్రం ఉంది.

"పైడమ్మా, నన్ను లోపలికి రానియ్యి," అన్నాడు సూర్యుడు ఆ చిల్లులోంచి తొంగిచూసి.

"నీకో దణ్ణం బాబూ! నా కుండల జోలికీ రాకు, నా పిల్ల జోలికీ రాకు," అని పైడమ్మ చిల్లులో ఇంత గడ్డి కుక్కేసింది.

తాబేలుకు బుజ్జి అని పేరు పెట్టుకుంది. మెత్తగా అన్నం వండి, ముద్దలు చేసి తినిపించేది.

"అమ్మా, నాకు గట్టు మీద ఆకులు కావాలే," అనేది బుజ్జి.

"ఆకులేటే? మేకవేటి నువ్వు? అన్నం తిను!" అని పైడమ్మ నవ్వేది.

ప్రేమకేం, బోలెడంత ఉంది. ఆ ప్రేమతోనే తలుపు మూసేసింది పిచ్చితల్లి.

బుజ్జి పెరిగింది. డిప్ప మాత్రం తిన్నగా పెరగలేదు. పలకలన్నీ ఎత్తుగా లేచి బొడిపెలు కట్టాయి. ఒక పక్క అంచు పైకి తిరిగిపోయింది. తర్వాత కాళ్లలో కూడా సత్తువ లేక, వాటిని చాపుకుని పడుకుంది. పైడమ్మ కంగారుగా ఎత్తబోతే ఆమె వేళ్లు డిప్పలో దిగబడ్డాయి. చెయ్యి తీస్తే వేళ్ల గుర్తులు అలాగే ఉండిపోయాయి.

పైడమ్మ వంగి ఆ గుర్తుల్ని దగ్గరగా చూసింది.

"అమ్మా, ఎన్నాళ్లైనా నేను పచ్చిగానే ఉన్నానే," అంది బుజ్జి సన్నగా.

పైడమ్మ ఏడుస్తూ చిల్లులోని గడ్డి పీకేసింది. "బాబూ, సూర్యుడూ! పగిలిపోతుందని దాచాను. ఇప్పుడది నా చేతుల్లోనే పోయేలాగుంది. ఏటి చెయ్యమంటావు?"

"నువ్వు కుండను ఒక్కసారి చేసి, ఒక్కసారి కాలుస్తావు," అన్నాడు సూర్యుడు. "బుజ్జి రోజూ ఇంత పెరుగుతుంది. అందుకని నేను రోజూ ఇంత కాల్చాలి. తాబేళ్లన్నీ నా ఆవంలో కుండలే పైడమ్మా. ఈ చిల్లులోంచి నా వేలే పడుతుంది, చెయ్యి పట్టదు. దాన్ని బయటికి తీసుకురా."

"ఎత్తితే నలిగిపోద్ది బాబూ!"

"అయితే నేనే లోపలికి రావాలి."

పైడమ్మ చుట్టూ చూసింది. పాక నిండా పచ్చికుండలు. వానాకాలమంతా ఆమె తిండి వాటి మీదే. కప్పు తీస్తే ఒక్కటీ మిగలదు. వాటిని ఒకసారి కళ్లారా చూసుకుంది. నిచ్చెన వేసుకుని పైకెక్కి, తాటాకులు చరచరా లాగి పారేసింది.

అప్పుడు ఎండ లోపలికి దిగింది. అబ్బ, ఏం వెలుగు అది! పుట్టినప్పటి నుంచీ చూస్తున్న ఎండే అయినా పైడమ్మకు ఆ రోజే కొత్తగా కనబడింది. చీకటి పాకలో దుమ్ము కూడా బంగారు పొడిలా మెరిసింది. రెండు చేతులూ జోడించి అలాగే నిలబడిపోయింది.

వెనకాల కుండలు టప్పు టప్పుమని పగులుతున్నాయి. పైడమ్మ తిరిగి చూడలేదు. ఆమె కళ్లన్నీ బుజ్జి మీదే. బుజ్జి మెల్లగా మెడ బయటికి చాపి, కళ్లు మూసుకుని, ఎండను తాగుతోంది.

రోజూ ఎండ, రోజూ పచ్చాకు. నెమ్మదిగా డిప్ప గట్టిపడింది. బుజ్జి లేచి నడిచింది.

"బాబూ, ఆ బొడిపెలు కూడా నున్నగా చేసెయ్యవా?" అని అడిగింది పైడమ్మ ఆశగా.

"కాలిన కుండను మళ్లీ మట్టిముద్ద చెయ్యగలవా నువ్వు?" అన్నాడు సూర్యుడు.

పైడమ్మ తల దించుకుంది. ఆ సంగతి ఆమెకు చెప్పాలా?

"నీడలో పెరిగింది అలాగే ఉండిపోతుంది," అన్నాడు సూర్యుడు మెత్తగా. "ఇప్పుడు అంచు తాకి చూడు."

తాకింది. అంచు పొడుగునా గోరంత కొత్త డిప్ప వచ్చింది. ఎంత నున్నగా ఉందో! పైడమ్మకు కళ్లనీళ్లు ఆగలేదు. బుజ్జిని ఎత్తి గుండెకు హత్తుకుని, తీసుకెళ్లి గట్టు మీద ఎండలో వదిలిపెట్టింది.

అప్పటినుంచే, ఎండ తగలకుండా ఇంట్లో పెంచిన తాబేలు డిప్ప బొడిపెలు కట్టి వంకర పోతుంది. మళ్లీ ఎండలో తిరిగినా ఆ బొడిపెలు పోవు, కొత్తగా పెరిగేది మాత్రం నున్నగా వస్తుంది. అప్పటినుంచే, ఏటి తాబేళ్లు పొద్దున్నే రాళ్లెక్కి, మెడలు చాపి, సూర్యుడి చెయ్యి కోసం కదలకుండా కూర్చుంటాయి.