కాగితంలో రాయని తొమ్మిదేళ్ళు

సన్యాసిరావు బయోడేటా చదువుతూ దాలయ్య మాస్టారు ఒక లైను దగ్గర ఆగిపోయారు.

"ఇంధన రంగంలో పంపిణీ నిర్వహణ, తొమ్మిదేళ్ళు... ఇదేంట్రా?"

సన్యాసిరావు తల దించుకున్నాడు. విశాఖపట్నంలో ఇంటింటికీ గ్యాస్ బండలు మోసిన ఉద్యోగానికి అతను తొడిగిన సూటూ బూటూ అది. నడుం పట్టేశాక, ముప్ఫై దాటిన వయసులో వచ్చి మాస్టారి దగ్గర చేరాడు. కంప్యూటర్లలోకి దొంగలు ఎక్కణ్ణుంచి దూరతారో ముందే కనిపెట్టి ఆ కంతలు పూడ్పించడం మాస్టారి విద్య. మిగతా శిష్యులు అయిదుగురూ ఇంజనీర్లే. రెండేళ్ళు వాళ్ళతో సమానంగా కుస్తీ పట్టి నేర్చుకున్నాడు గానీ, బండల సంగతి మాత్రం వాళ్ళ దగ్గర పొక్కనివ్వలేదు.

ఎల్లుండి ఒక బ్యాంకులో ఇంటర్వ్యూ. అదీ చేజారితే మళ్ళీ బండలే గతి. నడుం దానికీ ఒప్పుకోదు.

"బండలు మోసినోణ్ణని రాస్తే రానిస్తారా మాస్టారూ? తొమ్మిదేళ్ళు తిరిగాను. గుమ్మంలో నిలబడ్డ నా మొకం సూసినోళ్ళు ఒక్కలు నేరు."

మాస్టారు కాగితం మడిచి అతని జేబులోనే పెట్టారు.

"ఖాకీ చొక్కా ఉందా, పారేశావా?"

"ఉందండి."

"రేపు పొద్దున్న అది తొడుక్కుని రా. ఖాళీ బండ కూడా ఒకటి తే."

మర్నాడు ఇద్దరూ ఆ బ్యాంకు ఆఫీసర్ల క్వార్టర్స్‌కి వెళ్ళారు. మూడో అంతస్తులో తలుపు మీద పేరు చూసేసరికి సన్యాసిరావుకి ముచ్చెమటలు పోశాయి. హైమవతి గారు! బ్యాంకు కంప్యూటర్ల భద్రతంతా చూసేది ఆవిడే. 'ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు' అని బ్రాంచి బ్రాంచికీ బోర్డులు పెట్టించింది ఆవిడే. రేపు తనని ఇంటర్వ్యూ చెయ్యబోయేదీ ఆవిడే.

"వద్దు మాస్టారూ, మీకు దండం పెడతాను."

బ్యాంకు భద్రతని పరీక్షించమని తనకొచ్చిన ఉత్తరం చూపించారు మాస్టారు. ఈ వారంలో నాతో సహా ఎవరినైనా, ఏ రకంగానైనా పరీక్షించుకోవచ్చు అని రాసి, కింద ఆవిడే సంతకం పెట్టారు.

"రోజూ చేసిన పనే చెయ్యి. అంతే" అని మాస్టారు నాలుగు మెట్లు కిందికి దిగి కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచారు. ఆవిడ మెయిల్ దగ్గరికెళ్ళి 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అన్న చోట నొక్కారు. ఇంట్లో ఫోను టింగుమంది.

సన్యాసిరావు బెల్లు కొట్టాడు. పాత అలవాటు, గొంతు దానంతటదే లేచింది.

"గ్యాసండీ!"

తలుపు తెరుచుకుంది. హైమవతి గారే. దువ్వెన ఇంకా జుట్టులోనే ఉంది.

"మేం బుక్ చేశామా?"

"మీ పేరే ఉందండి. నంబరొచ్చుంటది, సెప్పండమ్మా."

ఆవిడ వెనక్కి తిరిగి ఫోను అందుకున్నారు. "నాలుగు, తొమ్మిది, సున్నా, సున్నా, ఏడు, మూడు. అక్కడ పెట్టెయ్ బాబూ" అని అద్దం దగ్గరికి వెళ్ళిపోయారు.

మాస్టారు ఆ ఆరంకెలూ కొట్టి, ల్యాప్‌టాప్ అతని వైపు తిప్పారు. ఆవిడ మెయిల్స్ అన్నీ బారులు తీరి ఉన్నాయి. అన్నిటికన్నా పైదాంట్లో రేపు ఇంటర్వ్యూకి వచ్చేవాళ్ళ పేర్లు. నాలుగోది తనదే.

సన్యాసిరావు బండ మీద కూలబడిపోయాడు. తొమ్మిదేళ్ళలో ఎన్ని వేల గుమ్మాలు! ఓటీపీలు మొదలైనప్పట్నుంచీ ఎంతమంది ఇలాగే లోపల్నుంచి అంకెలు అరిచారు!

"మాస్టారూ... అంత సదువుకున్నావిడ. ఆ ఉత్తరం రాసిందీ ఆవిడే. నా మొకమే సూడనేదు."

"చూడరని నిన్న నువ్వే చెప్పావు" అన్నారు మాస్టారు ల్యాప్‌టాప్ మూసేస్తూ. "ఆ అయిదుగురు ఇంజనీర్లకీ ఇది నేనెక్కణ్ణుంచి నేర్పను? పద, ఆవిడకి చెప్పాలి."

"ఒక్క నిమిషం. పెన్నుందాండి?"

జేబులోంచి బయోడేటా తీసి, బండ మీదే పెట్టుకుని, ఆ లైను కొట్టేశాడు. 'తొమ్మిదేళ్ళు ఇంటింటికీ గ్యాస్ బండలు వేశాను' అని రాశాడు.

మళ్ళీ బెల్లు కొట్టాడు.

"ఎవరూ?" అని లోపల్నుంచి గొంతు.

"సన్యాసిరావునండీ" అన్నాడు.