తట్టలదిన్నెలో అమ్మవారు కూర్చున్న వైనం

నల్లమల కొండల దిగువన తట్టలదిన్నె అనే చిన్న పట్నం ఉంది. బస్సు దిగి సంతవీధి దాటితే అమ్మవారి గుడి కనిపిస్తుంది. ఫాల్గుణ మాసంలో ఇక్కడ పాతపనుల తిరునాళ్ల జరుగుతుంది. ఊరు కట్టిన తొలివాళ్ల పనులన్నీ అప్పుడు వీధిలోకి వస్తాయి. కుమ్మరి సారె తిరుగుతుంది, కొలిమి రాజుకుంటుంది, గుంటమగ్గం ఆడుతుంది, చెక్కభజన వాళ్లు గొంతులు పోయేదాకా పాడతారు. వచ్చినవాళ్లు ఫోటోలు తీసుకుని, బజ్జీలు తిని, గుడిలోకి తొంగిచూసి అందరూ ఒకటే ప్రశ్న వేస్తారు. "అమ్మవారి చేతుల్లో ఏమీ లేదేంటండీ? ఆయుధాలు ఎవరైనా ఎత్తుకుపోయారా?" ఏటేటా చెప్పీ చెప్పీ మా నోళ్లు పడిపోయాయి. ఎవరూ ఎత్తుకుపోలేదు నాయనా. ఓపికుంటే ఈ నాలుగు పేజీలూ చదవండి.

అమ్మవారిది కొయ్య విగ్రహం. బోర్లించిన వెదురుతట్ట మీద కూర్చుని, రెండు అరచేతులూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని ఉంటుంది. కాగితాల మీద కూర్చున్నమ్మ అని రాస్తాము గాని, ఊళ్లో అందరికీ కూసున్నమ్మే.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. తుమ్మచెట్లు, బలుసు పొదలు, ఒక వాగు, అంతే. వానలు మొహం చాటేసిన సీమ నుంచి కొన్ని కుటుంబాలు బండ్లు కట్టుకుని ఈ దారిన వచ్చాయి. వాళ్ల పెద్ద పేరు నరసింగప్ప. అంతకుముందు ఆగిన చోటల్లా ఏదో ఒక కీడు తగిలింది. ఒకచోట బావి ఎండింది, ఒకచోట జ్వరాలు పట్టుకున్నాయి. కీడు తగిలిందా, నరసింగప్ప బండ్లు కట్టించేవాడు. వాళ్లకు తెలిసిన మందు అదొక్కటే.

వాళ్లలో ఓబులమ్మ అనే మేదర ఆమె ఉండేది. నేల చదును చెయ్యాలంటే మట్టి మొయ్యాలి, మట్టి మొయ్యాలంటే తట్టలు కావాలి, ఆ తట్టలన్నీ ఓబులమ్మే అల్లాలి. వెదురు చీల్చి చీల్చి ఆమె వేళ్లు పగుళ్లు బారాయి. భర్త ఈ నేలకు వచ్చాకే కాలం చేశాడు. అతణ్ణి వాగు ఒడ్డున పూడ్చుకుంది. ఇక జన్మలో బండెక్కకూడదు, మళ్లీ మూట కట్టకూడదు అన్నది ఒక్కటే ఆమె కోరిక. ఆ ఓపిక ఆమెలో లేదు.

ఊరు ఒక రూపానికి వచ్చాక అమ్మవారిని నిలబెట్టాలనుకున్నారు. వడ్రంగి మౌనాచారి వేపమాను చెక్కి, నిలుచున్న అమ్మను రెండు చేతులతో చేశాడు. అక్కడే తంటా వచ్చింది. కమ్మరి కొడవలి తెచ్చి చేతిలో పెట్టాడు. కుమ్మరి కుండ తెచ్చి రెండో చేతిలో పెట్టాడు. మరి మా మగ్గం నాడె ఎక్కడ పెట్టాలని సాలెవాళ్లు అలిగారు. మౌనాచారి పాపం మెత్తని మనిషి, ఇంకో చెయ్యి చెక్కి అతికాడు. తర్వాత గొర్రెల కాపరుల కర్ర, కాపులు ఎడ్లను తోలే ములుకోల, మంగలి కత్తి. ఎవరి పని లేకపోతే వాళ్లకు చిన్నతనం కదా! ఓబులమ్మ కూడా తక్కువ తినలేదు. నీళ్లు పోసినా కారనంత బిగువుగా ఒక చేట అల్లి, తనకూ ఒక చెయ్యి కావాలని పోరి తీసుకుంది.

ప్రతిష్ఠ అయిన మర్నాడే అమ్మవారు బోర్లా పడింది. లేపి నిలబెట్టారు. మళ్లీ పడింది. నరసింగప్ప ముఖం నల్లబడింది. "ఈ నేల మనల్ని ఒప్పుకోవడం లేదు. జాతరనాడు ఇంకొక్కసారి పడిందంటే బండ్లు కట్టాల్సిందే" అన్నాడు. ఆ మాట విని ఓబులమ్మ వాగు ఒడ్డుకేసి చూసింది.

ఆ మధ్యాహ్నం ఆమె వెదురు చీలుస్తూ చీలుస్తూ అక్కడే కునుకు తీసింది. కలలో అమ్మవారు కనబడింది. చేతులన్నీ నిండుగా, ముఖమంతా చెమటగా ఉందట.

"ఓబులీ, వీపు దురద పెడతాందే" అంది అమ్మవారు. "గోక్కుందామంటే ఒక్క చెయ్యీ ఖాళీ లేదు. ఇన్ని చేతులిచ్చినారు, ఒక్కటన్నా నాకు వదిలినారా? కాళ్లు పీకతాండాయి. నన్ను కాసేపు కూసోనీయండే."

ఓబులమ్మ పరుగున పోయి నరసింగప్పకు చెప్పింది. ఆయన కొట్టిపారేశాడు. "అమ్మవారు కూసుంటే ఊరికి కాపలా ఎవరు కాస్తారు? అలిసిపోయింది నువ్వు, కల కూడా నీదే. పో, పోయి పని చూసుకో." తను అలిసిన మాట నిజమే గనుక ఆమె వెనక్కి పోయి మళ్లీ వెదురు ముందేసుకుంది.

జాతరనాడు డప్పులు మోగుతుండగా, అందరి కళ్లముందే అమ్మవారు దబ్బున పడింది. అతికిన చేతుల్లో ఒకటి విరిగింది. డప్పులు ఆగిపోయాయి. నరసింగప్ప తలపాగా విప్పి ముఖం తుడుచుకుని, "కట్టండి" అన్నాడు. ఆడవాళ్లు పొయ్యిల మీది కుండలు దించారు. ఎడ్లను కాడికి కట్టారు.

"నేను రాను" అంది ఓబులమ్మ.

"పిచ్చా నీకు? ఒక్కదానివే ఈ అడవిలో ఏం చేస్తావు?" అన్నాడు నరసింగప్ప.

"కూసుంటాను. మీరు పోండి సామీ. నాకింక అయ్యేది కాదు."

అని ఊరుకోలేదు. గద్దె ఎక్కి, అమ్మవారిని ఒళ్లోకి ఎత్తుకుని, చేతుల్లోవన్నీ ఒక్కొక్కటే ఊడదీసింది. కొడవలి తీస్తే కమ్మరి అయ్యో అన్నాడు. నాడె తీస్తే సాలెవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. చివరికి తన చేట దగ్గరికి వచ్చేసరికి ఓబులమ్మ చెయ్యే ఆగిపోయింది. అంత మంచి చేట ఆమె బతుకులో మరొకటి అల్లలేదు. అదొక్కటీ ఉంటే ఏం బరువు అనిపించింది. కానీ ప్రతివాడూ అనుకున్నది అదే కదా! కళ్లనీళ్లు పెట్టుకుని దాన్ని కూడా లాగి పక్కన పడేసింది.

"మౌనాచారీ, రంపం తేరా. అమ్మ మోకాళ్లు మడవాల."

"దేవత కాళ్లు కొయ్యమంటావా తల్లీ!" అని వడ్రంగి వెనక్కి జరిగాడు.

"పాపం నాది. కొయ్యి."

మౌనాచారి ఏడుస్తూనే కోశాడు. మోకాళ్లు మడిచి చీలలు బిగించాడు, అతికిన చేతులన్నీ తీసి మొదటి రెండూ ఒళ్లోకి తిప్పాడు. అభిషేకం వేళ చూస్తే రంగు కింద ఆ అతుకులు ఇప్పటికీ తెలుస్తాయి. ఓబులమ్మ తట్ట బోర్లించి దాని మీద అమ్మవారిని కూర్చోబెట్టింది. తనూ పక్కనే చతికిలబడింది.

జనం ఎక్కడివాళ్లక్కడ నిలబడి చూస్తున్నారు. పడుతుందా, పడదా? ఎండ తిరిగింది. గాలి గట్టిగా వీచింది. అమ్మవారు కదలలేదు. నిలబడి నిలబడి ముసలివాళ్లు కూలబడ్డారు, వాళ్ల వెనక ఆడవాళ్లు, చివరికి మొగవాళ్లు కూడా. నరసింగప్ప ఒక్కడే పెద్దరికం కొద్దీ చాలాసేపు బిగబట్టుకుని నిలబడ్డాడు. ఆయనవి మాత్రం కాళ్లు కావా? మెల్లగా ఓబులమ్మకు ఎదురుగా నేలమీద కూర్చుని, గట్టిగా ఒక నిట్టూర్పు విడిచి, "ఎడ్లను విప్పండిరా" అన్నాడు.

ఊరు నిలిచింది ఆ రోజు. నాటినుంచి ఈ గుడిలో నిలబడి దర్శనం చేసుకునే ఆచారం లేదు. ఎంతటివారైనా నేలమీద కూర్చోవాల్సిందే, ఖాళీ చేతులతో రావాల్సిందే. అర్చన నేటికీ మేదర స్త్రీలే చేస్తారు. తిరునాళ్ల చివరిరోజు మధ్యాహ్నం సారె ఆపి, కొలిమి చల్లార్చి, పనిముట్లన్నీ గద్దె ముందు దింపేస్తారు. ఊళ్లో ఎక్కువ కష్టపడిన ఒక ఆడమనిషిని పిలిచి అమ్మవారి పక్కన చాప మీద కూర్చోబెడతారు. ఆమె తనంతట తాను లేచేదాకా ఊళ్లో ఎవరూ పని ముట్టకూడదు. ఇక్కడ కాసేపు కూర్చున్నవారికి ఆ రాత్రి మంచి నిద్ర పడుతుందని పెద్దల మాట. అంతకుమించి అమ్మవారు ఏ వరమూ ఇస్తానని చెప్పలేదు, మేమూ చెప్పము.

పోయినేడు బస్టాండులో ఇడ్లీలమ్మే సుంకులమ్మను కూర్చోబెట్టారు. సాయంత్రం సభ ఉంది, వేదిక మీద అధికారులు వచ్చి ఎదురుచూస్తున్నారు. కమిటీవాళ్లు ఒకటికి రెండుసార్లు వచ్చి, "అమ్మా, చాలాసేపయింది, ఇంక లేస్తావా?" అని అడిగారు.

సుంకులమ్మ వాళ్లవైపు వింతగా చూసి, "అప్పుడేనా నాయనా? నేనింకా సరిగ్గా కూసోనే లేదు" అంది.

కమిటీవాళ్లు వెళ్లి మైకు ఆపించారు.