ముందెక్కిన సైకిలు

ఆ ఏడు దర్గా ఉరుసుకి గంధం గిన్నె నూకరాజు నెత్తిన పెడతానన్నారు గురువుగారు. అంతే, మా ఆయనకి అన్నం సయించలేదు.

"ముందొచ్చింది నేనే! ఆడు నిన్నగాక మొన్నొచ్చాడు. ఆడికి పాట రాదు, తాళం రాదు. ఆడి నెత్తినా గంధం?" అని ఇంట్లో నా మీద ఎగిరేవారు, నేనేదో ఇచ్చేసినట్టు.

మా గురువుగారంటే మదారు సాయిబు గారు. పకీరు. ఓ నెమలీకల కట్ట, ఓ పాత సైకిలు, అదే ఆయన ఆస్తి. మీది ఏ కులం, మీరు ఏ దేవుడికి మొక్కుతారు అని ఎవర్నీ అడిగేవారు కాదు. ఆయన గురువుగారి దర్గా కాలవ గట్టు మీదుంది. ఏటా ఉరుసు పండక్కి భీమవరంలో పేసింజరెక్కి, గుర్రాలదిబ్బ హాల్టులో దిగి, అక్కణ్ణించి గట్టెమ్మట సైకిళ్ళ మీద పోయేవోళ్ళం. అప్పుడు బస్సుల్లేవు. అందుకని సైకిళ్ళు కూడా మాతోపాటే రైల్లో.

ఇంటన్నారా? ఆఁ. అబ్బో, ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తది నాకు.

మా ఆయన కొత్త సైకిలు కొన్నారు. ఎర్ర సీటు కవరు, చక్రాల పుల్లలకి రంగు పూసలు, హేండిలుకి కుచ్చులు. టేసన్లో జనం మధ్యలోంచి ట్రింగు ట్రింగని గంట కొట్టుకుంటా వచ్చారు. గురువుగారేమో ఓ పక్కన కూచుని, పక్కోళ్ళ బట్టలకంటుకోకుండా తన సైకిలు చక్రాల బురద తుండుగుడ్డతో తుడుచుకుంటున్నారు.

"గంటెందుకురా అబ్బులూ?"

మా ఆయన పేరదే. మొగుడి పేరు నేననకూడదు గానీ, గురువుగారి మాట గురువుగారిలాగే చెప్పాలి కదా.

"దారిస్తారని అండి."

"అడిగితే ఇవ్వరా?"

మా ఆయన అదేం పట్టించుకోలేదు. కడుపులో ఉన్నది బయటపెట్టేశారు. "గురువుగారూ, మీ దగ్గరికి ముందొచ్చింది నేనా, నూకరాజా?"

"నువ్వే."

"మరి గంధం?"

గురువుగారు పట్టాలకేసి చూశారు. "బండొస్తంది. టిక్కెట్టు తీశావా?"

"తీశానండి."

"సైకిలుకీ?"

మా ఆయన పంచె ఎగ్గట్టుకుని పరిగెత్తారు!

బండాగింది. "దిగేవోళ్ళని దిగనీరా" అని గురువుగారు అంటానే ఉన్నారు, మా ఆయన ఆళ్ళ మధ్యలోంచే సైకిలెత్తుకుని దూరిపోయారు. అవతల మూసున్న తలుపుకి ఆనించి, తాడుతో రెండు ముళ్ళేశారు, ఎవరూ కదపకుండా. ఎనకాల పాలవోళ్ళు కేన్లతో ఎక్కారు. పుల్లైసు అబ్బాయి పెట్టెతో ఎక్కాడు. అందరివీ సైకిళ్ళే.

గురువుగారు గుమ్మంలో నిలబడి ఒక్కొక్కణ్ణీ అడుగుతున్నారు.

"ఎక్కడ దిగుతావు నాయనా?"

"నర్సాపురమండి."

"అయితే లోపలికి పెట్టు. నువ్వో?"

"పాలకొల్లండి."

"కాస్త ఇవతలకి. అబ్బులూ, అందరికన్నా ముందు దిగేది మనం. ముడిప్పి గుమ్మం కాడికి తెచ్చుకో."

"ముందెక్కింది నేనండి" అన్నారు మా ఆయన. కదల్లేదు.

పుల్లైసబ్బాయి పకపకా నవ్వాడు. "పోన్లెండి సాయిబుగారూ, పెళ్ళికూతురండి అది. మూలనే కూచోవాలి."

గురువుగారు తన సైకిలూ నూకరాజు సైకిలూ గుమ్మం పక్కన పెట్టించారు.

బండి కదిలింది. మా ఆయన పాటెత్తుకున్నారు. ఏం గొంతండీ అది! పాలవోళ్ళు కేన్ల మీద దరువేశారు. రైలు పెట్టంతా ఊగిపోయింది. పాడతా పాడతా నూకరాజుకేసి చూస్తారు, చూశావా అన్నట్టు. ఆ పిచ్చోడేమో అందరికన్నా గట్టిగా చప్పట్లు కొడతన్నాడు.

పాట అవనే లేదు, హాల్టొచ్చేసింది.

నూకరాజు దిగాడు. గురువుగారు దిగారు. బయట డప్పులు మోగుతున్నాయి, మనోళ్ళు గంధంతో సిద్ధంగా ఉన్నారు. మా ఆయన ముడిప్పబోతే అది బిగుసుకుపోయింది. పంటితో లాగారు. ఊడింది గానీ పెడలు పాలవాడి చక్రంలో ఇరుక్కుంది. లాగితే కేను దొర్లింది. పాలన్నీ పెట్టంతా కాలవ!

"దిగండి! సైకిలు పోతే పోయింది!" అని అరిచాను.

"కొత్త సైకిలే!"

"నేను పాతైపోయానా? నేను దిగిపోతున్నాను మరి!"

తలెత్తి చూస్తేనా! కూత వేసింది బండి. నేనెక్కడ దిగుతాను, ఆయన్నొదిలేసి?

కింద గురువుగారు డప్పులకేసి ఒక్కసారి చూశారు. తన సైకిలు రెండు చేతులా ఎత్తి మళ్ళీ లోపల పెట్టారు. నూకరాజు చెయ్యి పట్టుకున్నాడు. "గురువుగారూ! గంధానికి ఏళవుతందండి!"

"మీరు నడవండి" అని ఎక్కేశారు. బండి కదిలిపోయింది.

మా ఆయన మొహం చూడాలి. మా గురువుగారి గురువుగారికి గంధం, ఏటా తప్పనిది, మా ఆయన సైకిలు మూలాన తప్పిపోతంది.

"మీరెందుకెక్కారండీ?" అన్నారు.

గురువుగారు తుండుగుడ్డ తీసి పాలు తుడుస్తున్నారు. "ఆఖరి టేసను దాకా మీరొక్కళ్ళే ఎలా ఎళ్తారురా?"

మా ఆయన పై మీది కండువా తీసి ఆయన పక్కన కూలబడి తుడిచారు. పాలవాడు కూడా తిట్టడం ఆపేశాడు.

నర్సాపురంలో ఒక్కొక్కళ్ళూ తమ సైకిళ్ళు తీసుకున్నాక, అన్నిటికన్నా ఆఖర్న వచ్చింది మా కొత్త సైకిలు.

ఇక చూడండి, గట్టెమ్మట ఎనక్కి దర్గాకి ఏం తొక్కారనీ! నేను ఎనక కూచుని ఆయన నడుం పట్టుకున్నాను. పూసలు గలగలా, కుచ్చులు గాలికి ఎగిరిపోతన్నాయి. ఆ పాత సైకిలేసుకుని గురువుగారు మమ్మల్ని దాటేస్తారు, నవ్వుతారు, మేం మళ్ళీ దాటేస్తాం. ఒక్కసారి కూడా గంట కొట్టలేదు మా ఆయన. దూరంగా డప్పులినబడ్డాయి. ఇంకా ఆగలేదు! ఇంకా ఆగలేదు!

దర్గా మలుపులో నిలబడున్నాడు నూకరాజు, గిన్నె నెత్తినెట్టుకుని. గురువుగారు రాకుండా అడుగెయ్యనని భీష్మించాడంట. మెడ వణికిపోతంది పాపం. మమ్మల్ని చూసి గిన్నె దించబోయాడు.

"అన్నా, ముందొచ్చింది నువ్వు కదా. ఇదిగో, నువ్వే మొయ్యి."

మా ఆయన ఆ గిన్నె రెండు చేతులా పట్టుకుని, తొణక్కుండా మళ్ళీ ఆడి నెత్తినే పెట్టారు. పెట్టి, ఆడి పాత సైకిలు ఓ చేత్తో, తనది ఓ చేత్తో పట్టుకుని పక్కకి జరిగారు, దారిస్తా.

గురువుగారు నెమలీకలతో మా ఆయన ఈపు మీద ఒక్కటేశారంతే.

ఆ తర్వాత మా ఆయన రైలెక్కితే చాలు, "ఎక్కడ దిగుతారండీ? మీరెక్కడండీ?" అని అందర్నీ అడిగేవారు. ఓసారి సైకిలు లేకుండా ఎళ్తా కూడా అడిగారు. ఎవరో "మీకెందుకండీ?" అంటే నేనే నవ్వలేక చచ్చాను.

ఇప్పుడు మా ఆయన మంచం పట్టారు. మొన్న పొద్దున్న గంజి పట్టిస్తన్నాను. చెంచా తోసేసి నా చెయ్యి పట్టుకున్నారు.

"ఏమే, నా సైకిలు గుమ్మం కాడికి తెచ్చేసుకున్నాను."

ఆ సైకిలు ఎప్పుడో తుప్పట్టి పోయింది, గురువుగారు పోయీ ఏళ్ళయింది. మొహంలోకి చూశాను. నవ్వుతున్నారు.

"నాది కూడా తెచ్చుకోనా?" అన్నాను.

"నీది లోపలే ఉండనీ. నువ్విప్పుడు కాదు."

"అంత దూరం ఒక్కదాన్నే ఎలా ఎళ్తానండీ?"

నా చెయ్యి నొక్కారు.

"ఒక్కదానివెందుకే? గురువుగారు మళ్ళీ ఎక్కేస్తారు."