భుజంగం ధారణ

భుజంగానికి ధారణ తప్పుతోంది.

విస్సన్నశాస్త్రిగారి ఇంట్లో ఉండి అవధానం నేర్చుకుంటున్నవాడికి అంతకన్నా అప్రతిష్ఠ లేదు. అడిగినవాళ్లకు తలా ఒక పద్యం, వంతుకొక పాదం చొప్పున చెప్పుకుంటూ పోవాలి. మధ్యలో కబుర్లు పెట్టి చెడగొట్టడానికే ఒకడుంటాడు. అంతా అయ్యాక ఆ పద్యాలన్నీ వరసగా ఒప్పజెప్పాలి. అదే ధారణ. భుజంగం పద్యం చెబుతుంటే శాస్త్రిగారు తల ఊపేవారు. ఒప్పజెప్పమంటే మాత్రం వాడు రెండో పాదం దగ్గరే నీళ్లు నమిలేవాడు.

తోటి శిష్యుడు నరహరి అలా కాదు. పద్యం నీరసంగా ఉన్నా గడగడా ఒప్పజెప్పేసేవాడు. ఉగాది సభలో అవధానానికి ఇద్దరిలో ఒకరే కూర్చోవాలి. అది నరహరేనని ఊరంతా అనుకుంటోంది. ఆ మాట చెవిన పడితే భుజంగానికి కడుపు మండిపోయేది. తిన్నది ఒంటపట్టడం లేదు, కంటిమీద కునుకు లేదు. పక్క చాపమీద నరహరి గుర్రుపెడుతుంటే, అదీ తనను వెక్కిరించడానికే అనిపించేది.

ఆవేళ పొద్దున్నా అంతే. నరహరి అన్నీ ఒప్పజెప్పి, ఎదురుగా కూర్చుని భుజంగం పద్యాలు విన్నాడు. తీరా ధారణకు వచ్చేసరికి భుజంగం తలవంచుకున్నాడు. నరహరి నీళ్లు తోడడానికి పెరట్లోకి వెళ్లాడు.

"గురువుగారూ, మీరు వాడికేదో విడిగా చెబుతున్నారు," అనేశాడు భుజంగం ఉండబట్టలేక. "నాకూ అది చెప్పండి."

శాస్త్రిగారు కోప్పడలేదు. ముక్కుపొడుం కాయ పక్కన పెట్టారు.

"నీవి పోనీ. ఇందాక వాడు చెప్పిన పద్యాలు గుర్తున్నాయా?"

భుజంగం అందుకున్నాడు. ఒక్క అక్షరం పొల్లు పోలేదు. నరహరి ఎక్కడ తడుముకున్నాడో, యతి కోసం ఎక్కడ పనికిరాని మాట ఇరికించాడో అదీ చెప్పాడు. మొన్నటివీ చెప్పాడు. ఆపమనేదాకా చెబుతూనే ఉన్నాడు.

"తడిసిన గొడుగు మీద చెప్పమంటే వాడు ఎలా ఎత్తుకుంటాడు?"

"'మేఘమా' అంటాడండీ. ఏదిచ్చినా వాడికి ముందు ఎవర్నో ఒకర్ని పిలవాలి."

శాస్త్రిగారు నరహరిని కేకేసి, తడిసిన గొడుగు మీద పద్యం చెప్పమన్నారు. వాడు కాసేపు కళ్లు మూసుకుని, "మేఘమా" అన్నాడు.

భుజంగానికి నవ్వొచ్చింది. ఉగాది సభలో తానే కూర్చున్నంత సంబరమైంది.

"చాల్లే," అన్నారు శాస్త్రిగారు నరహరితో. "ఇందాక భుజంగం చెప్పిన పద్యాల్లో ఒకటి చదువు."

నరహరి బిక్కమొహం వేశాడు.

"గుర్తులేదండీ," అన్నాడు. "బాగున్నాయని మాత్రం గుర్తు."

భుజంగం మొహంలో నవ్వు ఆరిపోయింది.

పగటిపూట ఆ ఇంట్లో ఎవరూ నడుం వాల్చరు. శాస్త్రిగారు లేచి వెళ్లి, గోడకు చేర్చిన చాప తెచ్చి తామే పరిచారు.

"పడుకో నాయనా," అన్నారు. "వాణ్ణి దించేసి, ఒక్కడివే పడుకో."