బస్రా నాణేల వయసు

అనగనగా కోరంగి రేవు పక్కన, ఉప్పుగాలి కొట్టే ఒక ఊళ్ళో నూకరత్నమని ఒకావిడ ఉండేది. ఆవిడకి వీరాయమ్మ అని ఒక మామ్మ. ఊఁ కొట్టవే, లేకపోతే నీకంటే ముందు నేనే నిద్రపోతాను.

వీరాయమ్మ మొగుడు అప్పన్న ఓడలో కళాసీ. అరబ్బుల దేశంలో బస్రా రేవు దాకా వెళ్ళొచ్చి, "వెండి తెచ్చానే, మన చోటులోనే భద్రంగా పాతాను" అన్నాడట. ఎక్కడ పాతాడో చెప్పేలోగా ఓడకి లంగరెత్తేశారు. వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. సముద్రం మింగేసింది, పాపం.

అప్పుడు వీరాయమ్మ పొయ్యి కింద తవ్వింది. గుమ్మం కింద తవ్వింది. రోలు కింద తవ్వింది. ఏమీ దొరకలేదు. ఆ తర్వాత తిండికి జరక్క ఆ చోటు అమ్మేసుకుంది. ఇంక ఊరంతా "వెండి వీరాయమ్మా! వెండి దొరికిందా?" అని ఏడిపించడమే. ఒక ఏడు కాదు, రెండేళ్ళు కాదు, నలభై ఏళ్ళ పైమాటే. అది వింటే నూకరత్నానికి ఒళ్ళు మండిపోయేది. "మా మామ్మ అబద్ధం ఆడదు" అని అందరితోనూ దెబ్బలాడేది.

ఆ చోటు కొన్నది గున్నేశ్వరరావు గారి నాన్న. గున్నేశ్వరరావు గారంటే ఎవరనుకున్నావు? నోరు విప్పితే మా వంశం, మా వైభవం. ఒకరోజు ఆయన ఆ చోటులో పశువులపాకకి గుంజ పాతిస్తుంటే గునపం ఠంగుమంది. చూస్తే చెంబు! చెంబు నిండా వెండి నాణేలు.

నూకరత్నం కుచ్చెళ్ళు ఎగ్గట్టి పరిగెత్తింది. "ఇవి మా తాత తెచ్చినవి బాబుగారూ!"

"పోవే, చెప్పొచ్చావు! మా ఏడుతరాల తాతలు పాతినవి" అన్నాడాయన.

తగువు కరణంగారి అరుగెక్కింది. "నాణెం ఏ ఏటిదో తేల్చండి. ఆ ఏడు ఆ చోటు ఎవరిదో నా పుస్తకం చూసి చెప్తాను. ఎవరి చోటైతే వాళ్ళవే నాణేలు" అన్నాడు కరణం. జోడు పెట్టుకుని, నాణెం తిరగేసి మరగేసి చూశాడు. "ఇవి రాతలా, జంతికలా?" అని పక్కన పెట్టేశాడు.

అప్పుడు సోమయాజులు మేష్టార్ని పిలిచారు. ఆయన దగ్గర దేశదేశాల అంకెల పుస్తకం ఉంది. ఒక్కొక్క అంకే పోల్చుకుని, "పదమూడు వందల ఇరవై ఏడు" అన్నాడు.

గున్నేశ్వరరావు గారు ఎగిరి గంతేశాడు. "చూశారా! ఆరువందల ఏళ్ళ నాటివి. అప్పుడు ఈ ఊరంతా మా తాతలదే!"

నూకరత్నం మొహం వాడిపోయింది. మామ్మని ఇంకెంత ఆడిపోసుకుంటారో అని ఏడుపొచ్చేసింది.

ఆ తర్వాత గాజులమ్మే జైనాంబీ అటుగా వచ్చింది. గాజుల మలారం కిందికి దించి, నాణెం చూసింది. "ఇది మా లెక్కయ్యా, మీ లెక్క కాదు. మా ప్రవక్త మక్కా నుంచి మదీనా వెళ్ళిన ఏడే మాకు ఒకటో ఏడు" అంది.

"అది మన లెక్కలో ఆరువందల ఇరవై రెండు" అని మేష్టారు గబగబా కూడేశాడు. పందొమ్మిది వందల నలభై తొమ్మిది వచ్చింది.

"అంటే ఆరేళ్ళ కిందటిదా?" అన్నాడు కరణం.

గున్నేశ్వరరావు గారు గొంతు సవరించుకున్నాడు. "ఔనౌను, ఇప్పుడు గుర్తొచ్చింది. నేనే పాతాను" అన్నాడు! నవ్వకే, నిజంగానే అన్నాడు. జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

జైనాంబీ బుగ్గలు నొక్కుకుంది. "ఆగండయ్యా! మీకు రెండుమూడేళ్ళకోసారి అధికమాసం వస్తుంది. మాకు రాదు. అందుకే గదా పీర్లపండగ ఏటికేడాది పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది! నా చిన్నప్పుడు పీర్లెత్తుతుంటే చలికి పళ్ళు టకటకమనేవి. ఇప్పుడు వానలో తడుస్తున్నాం. మా ఏడు మీ ఏడంత పొడుగెక్కడుంది?"

మేష్టారు నాలిక్కరుచుకున్నాడు. "అయ్యో, మర్చేపోయాను! వాళ్ళ ముప్ఫైమూడేళ్ళు మనకి ముప్ఫైరెండే. ముప్ఫైమూడుకి ఒకటి చొప్పున మొత్తం నలభై తీసెయ్యాలి." మళ్ళీ లెక్క వేశాడు. పందొమ్మిది వందల తొమ్మిది!

కరణం పుస్తకం దుమ్ము దులిపాడు. "ఆ ఏడు ఆ చోటు కళాసీ అప్పన్నది. గున్నేశ్వరరావు గారూ, అప్పటికి తమరు ఉయ్యాల్లో ఉన్నారు. పాక్కుంటూ వచ్చి పాతారా?"

అరుగంతా ఒకటే నవ్వు. ఆయన కండువా నెత్తినేసుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

అప్పుడు నూకరత్నం చెంబు చంకనెట్టుకుని, జైనాంబీని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. నాణేలన్నీ మామ్మ ఒళ్ళో కుమ్మరించింది. వీరాయమ్మ ఒక్కటీ లెక్కపెట్టలేదు. ఒక నాణెం బుగ్గకి ఆనించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "ఎక్కడ పాతావో చెప్పి వెళ్ళకూడదా, మాయదారి మనిషీ!" అని మొగుణ్ణి తనివితీరా తిట్టింది.

ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని, ముక్కు చీదుకుని, "రత్నం, నా మంచి చీర తియ్యవే" అంది.

"ఎక్కడికే మామ్మా, ఈ వేళప్పుడు?"

"ఎక్కడికీ లేదు. ఊళ్ళో ప్రతి గుమ్మం ముందూ ఒక్క నిమిషం నిలబడి వస్తాను."

కథేమో ఓడెక్కి కంచికి,
మనమేమో ముసుగేసి మంచానికి!