కనకవల్లి దాచిన కబురు

రాజమండ్రి ఇన్నీసుపేటలో త్రిపురసుందరమ్మగారు, కాలేజీలో సంస్కృతం చెప్పి రిటైరైన తరువాత, మధ్యాహ్నం పూట కొందరు ఆడవాళ్ళకు గీత చెబుతూ ఉండేవారు. ఎవరైనా ప్రశ్న వేస్తే ఆవిడ వాళ్ళ ముఖం చూసేవారు కాదు, చేతులు చూసేవారు. ఆ రోజు నీరజ చేతులు చీరకొంగును మెలిపెడుతున్నాయి.

"అమ్మా, మా తోడికోడలు ఒక్కతే ఊళ్ళు తిరుగుతుంది. ఒకసారి కాశీ అంటుంది, ఒకసారి జైపూరంటుంది. ఆ ఫొటోలు చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. మొన్న మా అత్తగారు, 'అది అట్లా తిరగడం నీకు బాగుందా' అని నన్నడిగారు. బాగాలేదనబోయి ఆగాను. మళ్ళీ అడుగుతారు. ఈ అసూయ పోయే దారేదైనా ఉందా?"

అమ్మగారు పుస్తకం మూశారు. తాను తెనాలిలో ఉద్యోగం చేసే రోజుల్లో, పక్క వాటాలో జరిగిన సంగతి ఒకటి చెప్పారు. పాతికేళ్ళ పైమాట అది.

ఆ వాటాలో ఎరువుల కొట్టు నడిపే గోపాలం, అతని తల్లి, భార్య కనకవల్లి, ఆరో తరగతి చదివే కూతురు కుందన, గోపాలం చెల్లెలు సుహాసిని ఉండేవారు. సుహాసిని పెళ్ళి వద్దనుకున్న మనిషి. చేనేత సంఘంలో పని. ఎక్కడ చీరల ఎగ్జిబిషన్ పెట్టినా వెళ్ళి సంఘం స్టాలు చూసుకోవాలి. పని అయ్యాక మిగిలిన పూటంతా ఆ ఊళ్ళో కాలినడకన తిరిగేది. ఇంటికి రాగానే కుందనను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేది. అహమ్మదాబాదు పాత సందుల్లో దాహమేసి ఒక ముసలమ్మను నీళ్ళడిగిందట. "ఎవరితో వచ్చావు?" అందట ఆవిడ. "నాతో నేనే వచ్చాను" అన్నానని సుహాసిని చెబితే, గోపాలంతో సహా అందరూ నవ్వారు. కనకవల్లి వంటింటి గుమ్మంలో నిలబడి విన్నది. ఆమెకు నవ్వు రాలేదు. పెళ్ళయి పదిహేనేళ్ళు. పుట్టిల్లు, అత్తిల్లు, ఏడాదికొకసారి తిరుపతి. అందులో ఏదీ ఆమె ఒక్కతే వెళ్ళింది కాదు. ఆడబిడ్డ సంచీలోంచి మాసిన బట్టలు తీసి నానబెట్టేది మాత్రం ఆమే. ఆ బట్టలకు ఏవో ఊళ్ళ వాసన ఉండేది.

ఒక వానాకాలం సుహాసిని కలకత్తా వెళ్ళింది. తిరిగి రావలసిన ముందురోజు ఉదయం ఫోను మోగింది. కనకవల్లి పిండి చేతులతోనే తీసింది.

"వదినా, ఒరిస్సాలో వానలకి లైను మునిగిందట. ఇవాళ బండి లేదు. ఒక రోజు ఆలస్యమవుతుందని అన్నయ్యకు చెప్పు. నాకు మాత్రం బాగానే ఉంది. ఈ రోజంతా నాదే. గంగ మీద పడవెక్కి అవతలి ఒడ్డుకు పోతున్నాను."

కనకవల్లి ఫోను పెట్టేసింది. లోపలినుంచి గోపాలం, ఎవరని అడిగాడు. "రాంగ్ నంబరు" అంది. ఎందుకన్నదో అప్పటికి ఆమెకే తెలియదు. భోజనం వేళకు చెబుదామనుకుంది. భోజనం వేళకు, ఇంతసేపూ ఎందుకు చెప్పలేదంటే ఏమనాలో తోచలేదు. ఆ తరువాత ఇక చెప్పనే లేదు.

మర్నాడు గోపాలం స్టేషనుకు వెళ్ళి ఒంటరిగా తిరిగొచ్చాడు. అతని తల్లి ఏడుపు లంకించుకుంది. వీధివాళ్ళంతా పోగయ్యారు. ఆడపిల్లను అలా వదిలేస్తే ఇంతేనని ఒకరు, పేపర్లో ఏదో చదివానని మరొకరు. గోపాలం పోలీసు స్టేషనుకు వెళ్ళి, చెల్లెలి ఫొటో ఇచ్చి, వాళ్ళడిగిన అడగరాని ప్రశ్నలన్నింటికీ జవాబులు చెప్పి వచ్చాడు. ఆ మరుసటి రోజు పొద్దున సుహాసిని రిక్షా దిగేసరికి గుమ్మం నిండా జనం.

"వదినకు ఫోను చేసి చెప్పానుగా" అంది.

అందరూ కనకవల్లి వైపు తిరిగారు.

"రాంగ్ నంబరు తప్ప నాకు ఏ ఫోనూ రాలేదు."

సుహాసిని వదిన ముఖంలోకి చాలాసేపు చూసింది. సంచీ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ వారమే గోపాలం సంఘం ప్రెసిడెంటును కలిసి, చెల్లెల్ని ఊళ్ళోనే ఆఫీసు పనికి మార్పించాడు.

కనకవల్లి పది రోజులు సుఖంగా నిద్రపోయింది. ఈ మాట ఆమే తరువాత అమ్మగారితో చెప్పింది, ఏమీ దాచుకోకుండా. ఆడబిడ్డ కూడా తనలాగే అయిదింటికి ఇంటికొచ్చి, తనలాగే గోడకానుకుని కూర్చుంటే, కడుపులో చల్లగా ఉండేదట.

కొన్నాళ్ళకు కుందన బడిలో పిల్లల్ని హంపీ తీసుకువెళతామని కాగితం ఇచ్చారు. రాత్రి భోజనాల దగ్గర పిల్ల అది గోపాలం చేతికిచ్చింది. అతను చదవనైనా లేదు.

"మీ అత్తయ్య చేసిన నిర్వాకం చాలు. మనింటి ఆడపిల్లలు ఎక్కడికీ పోనక్కరలేదు."

పిల్ల ఏడవలేదు. కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుని, గోడకానుకుని కూర్చుంది. అన్నం వడ్డిస్తున్న కనకవల్లి అట్లా చూస్తూ ఉండిపోయింది.

"ఫోను వచ్చింది" అంది.

"ఏ ఫోను?"

"ఆ రోజు వచ్చింది రాంగ్ నంబరు కాదు. సుహాసినే. బండి లేదు, మీకు చెప్పమంది. నేను చెప్పలేదు."

గోపాలం కంచం ముందునుంచి లేచిపోయాడు. మూడు వారాలు ఆమెతో మాట్లాడలేదు. అత్తగారు మాట్లాడని రోజు లేదు, ఆ మాటలన్నీ తిట్లే. నిజం చెప్పిన మర్నాడు పెరట్లో పంపు దగ్గర సుహాసిని ఒక్కటే అడిగింది.

"ఎందుకు చేశావు వదినా?"

"నువ్వు పడవెక్కుతానన్నావు" అంది కనకవల్లి.

సుహాసిని బిందె నిండేదాకా నిలబడి, ఎత్తుకుని వెళ్ళిపోయింది. గోపాలం మళ్ళీ ప్రెసిడెంటు దగ్గరకు వెళ్ళాడు, చెల్లెల్ని పాత పనిలోకి తీసుకోమని. కుందన హంపీ వెళ్ళింది. కానీ సుహాసిని ఇప్పుడు ఊరినుంచి వస్తే కబుర్లన్నీ తన గదిలో, తలుపు దగ్గరగా వేసి, కుందనకొక్కదానికే చెప్పేది. మాసిన బట్టలు తనే ఉతుక్కునేది. తలుపు సందులోంచి నవ్వులు వినిపిస్తుంటే కనకవల్లికి మునుపటికి రెట్టింపు మండేది.

అట్లా మండుతున్న ఒక బుధవారం ఆమె వంట ముగించి, చీర మార్చుకుని, పాసింజరెక్కి బెజవాడలో దిగింది. వన్ టౌన్ సందుల్లో పడి నడిచింది. ఎటు పోవాలో ముందుగా అనుకోలేదు. రెండుసార్లు దారి తప్పింది. ఒకచోట ఎవడో కొంతదూరం వెంట వస్తే, గాజుల దుకాణంలోకి దూరి, వాడు పోయేదాకా అక్కర్లేని గాజులు బేరం చేసింది. చెప్పు తెగింది, కుట్టించుకుంది. కాలవ వంతెన మీద నిలబడి నిమ్మకాయ సోడా తాగింది. దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరింది.

"ఎక్కడికెళ్ళావు?" అన్నాడు గోపాలం.

"బెజవాడ వన్ టౌన్."

"ఏం పని?"

"పనేం లేదు."

అతను ఇంకేదో అనబోయి తల్లి వైపు చూశాడు. కాసేపటికి సుహాసిని వచ్చి, చాలా నెలల తరువాత, వంటింట్లో పీట వాల్చుకుని కూర్చుంది.

"వన్ టౌన్‌లో ఏ వైపు వెళ్ళావు వదినా?" అని అడిగింది.

అంతవరకు చెప్పి త్రిపురసుందరమ్మగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నీరజ కొంగు వదిలేసింది. అయినా తన ప్రశ్నకు జవాబు రాలేదనే ఆమెకు అనిపించింది.

"మరి కనకవల్లిగారి అసూయ పోయిందా అమ్మా?"

"ఆ మాటే అడుగుదామని, పోయిన నెల తెనాలి వెళ్ళినప్పుడు వాళ్ళింటి తలుపు తట్టాను" అన్నారు అమ్మగారు. "ఆవిడ ఊళ్ళో లేదు."