శాస్త్రిగారి విస్తట్లో కూడిక

రత్నగిరి రాజ్యంలో లెక్కల గురువు విరూపాక్షశాస్త్రి తుమ్మితే ఏడూళ్ళలో పలకలు పగిలేవి. అంతటివాడు పూటకూళ్ళ పేరిందమ్మ ఇంటికి భోజనానికొచ్చి, ఆవిడ తన ఆరేళ్ళ కూతురు బుల్లెమ్మకి చింతగింజలతో కూడిక నేర్పడం చూశాడు.

"గురువు లేకుండా ఇంట్లో లెక్కలా! ఈ పిల్ల మళ్ళీ కూడిక చేసిందంటే నీ పొయ్యి ఆర్పిస్తాను!"

ఆడపిల్లల్ని బడిలోకి రానివ్వనిదీ ఆయనే మరి. పేరిందమ్మ "అలాగే బాబుగారూ" అని వడ్డన కూతురికి అప్పగించింది. "శాస్త్రిగారి మాట దాటకే, ఏదీ కలపకు" అని మరీ చెప్పింది.

"పది బూరెలు చాలు" అన్నాడు శాస్త్రి. బుల్లెమ్మ మూడు వేసింది, నాలుగు వేసింది, మూడు వేసింది, మళ్ళీ మూడు తెచ్చింది. విస్తట్లో పడింది వదలకూడదని ఆయనకి పెద్ద పట్టింపు. పొట్ట చూస్తే నగారాలా బిగిసింది.

"ఆగవే! పదీ అయ్యాయి!"

"ఏమో తాతగారూ, కలపొద్దన్నారుగా!"

"మూడూ నాలుగూ ఏడు, ఏడూ మూడూ పది! తెలిసిందా?"

"విన్నారుగా అందరూ!" అంది పేరిందమ్మ పంక్తి వైపు తిరిగి. "గురువుగారే మా ఇంట్లో మా పిల్లకి కూడిక నేర్పారు. ఇప్పుడు ఎవరి పొయ్యి ఆర్పించాలో వారే సెలవివ్వాలి."

పంక్తంతా గొల్లుమంది. బుల్లెమ్మ పళ్ళెం వంచుతూ, "మరి పదికి ఈ మూడూ కలిపితే?" అంది.

శాస్త్రి రెండు చేతులూ విస్తరికి అడ్డం పెట్టాడు. "పదమూడు తల్లీ, పదమూడు! మిగతావన్నీ మీ అమ్మ దగ్గరే నేర్చుకో!"